పటిక నీళ్ళ బొమ్మ

కార్తీక బహుళ విదియ

రంగుల గదిలో ఏ కుండలో ఏముందో, ఎవరు ఏ గుడ్డ మీద పని చేస్తున్నారో రోజూ రాయమని జైలువాళ్ళు నాకీ వెలిగే కరెంటు పలక ఇచ్చారు. మొదటి ఏడాది బుద్ధిగా అవే రాశాను. ఒక్కరూ చదవడం లేదని తెలిశాక నాకు తోచింది రాయడం మొదలుపెట్టాను. తేదీలు కూడా వాళ్ళ లెక్కవి వెయ్యను. సముద్రం మధ్యలో ఉన్న ఈ ఉప్పుగట్టు మీద మాకు పనికొచ్చేది తిథి ఒక్కటే. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు బాగా ఎక్కినప్పుడే పడవ బురద దాటి రాగలదు. బియ్యం, కట్టెలు, కొత్త ఖైదీలు, చూడవచ్చే చుట్టాలు, అన్నీ ఆ పడవలోనే దిగుతాయి.

ఇవాళ కసిం కుండ మూత తీశాను. ఇనపముక్కలూ బెల్లమూ బాగా పులిశాయి, నల్లరంగు తయారైనట్టే. ఆ వాసనకి కరుణమ్మ వార్డరు ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తింది. కరక్కాయ పొడి అడుగంటింది. ఎర్రరంగుకి చిరివేరు కట్టలు కొద్దిగా ఉన్నాయి.

సాయంత్రం నాంచారి వచ్చి పక్కన కూర్చుంది. "పిన్నీ, మాఘ పౌర్ణమికి పెళ్ళిచూపులకి పేరిచ్చాను" అంది. దానికిది మూడోసారి. నాలుగోసారి ఎవరికీ ఉండదు.

పెళ్ళిచూపులన్నది మేం పెట్టుకున్న పేరు. జైలువాళ్ళు పరివర్తన పరిశీలన అంటారు. మనం వేసిన బొమ్మని హాల్లో వేలాడదీస్తే పైకప్పు పట్టా మీద జారుకుంటూ ఒక యంత్రపు కన్ను వచ్చి ఎగాదిగా చూసి మార్కులు వేస్తుంది. అంతలా చూస్తుంది కాబట్టి దాన్ని పెళ్ళికొడుకు అంటాం. తర్వాత, మన వల్ల చెడినవాళ్ళ తరఫు మనిషి ఒకరు బొమ్మ చూసి ఒక మాట చెప్పాలి. ఆ మాట ఏదైనా సరే జైలు పాటించి తీరాలి. అవును, కాదు అని తప్ప మూడో మాట ఎవరూ చెప్పగా నేను వినలేదు. రెండూ కుదిరితే ఒడ్డుకి పంపుతారు. మూడుసార్లూ తప్పితే లోతుగట్టుకి. అక్కడ రోజంతా నీళ్ళలో మునిగి గొట్టాల నాచు గీకడమే పని. రంగులుండవు, చుట్టాల పడవ పోదు.

"ఎందుకే అంత తొందర? ఇంకో ఏడాది ఆగరాదూ?" అన్నాను.

"ఆ తల్లికి వయసవుతాంది పిన్నీ" అంది.

తనకి కాదట, ఆ తల్లికట. ఒళ్ళు మండి లేచి వచ్చేశాను.

మార్గశిర శుద్ధ షష్ఠి

నాంచారి చేసిన నేరం చెప్పాలంటే ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఊళ్ళో తాగడానికి చుక్క లేదని ఒక రాత్రి కాలవ లాకు తలుపు ఎత్తింది. దిగువన ఎండిన కాలవలో పుచ్చ పాదులు పెట్టుకుని, గుడిసె వేసుకుని దానియేలు అనే కుర్రాడు పడుకున్నాడు. వాడున్నట్టు దీనికి తెలియదు. తెల్లారేసరికి నీళ్ళు వాణ్ణి మింగేశాయి. ఆ కుర్రాడి తల్లి పేరు వజ్రమ్మ.

మొదటిసారి పెళ్ళిచూపులకి నేనే దగ్గర కూర్చుని నేర్పాను. నేను నేర్పిన పద్ధతిలో వేసి ఎంతమంది ఒడ్డెక్కారో! ఎడమ వైపు తప్పు, మధ్యలో చెంపల మీద కన్నీళ్ళతో మనం, కుడి వైపు వెలుగుతున్న దీపం. పెళ్ళికొడుక్కి కన్నీటి బొట్లంటే మహా ఇష్టం. నాంచారికి ఎనభై మార్కులు దాటాయి. వజ్రమ్మ వచ్చి గుడ్డంతా వెతికి, "ఇందులో నా కొడుకేడి?" అని అడిగి వెళ్ళిపోయింది. రెండోసారి నాంచారి ఒక కుర్రాణ్ణి పెట్టింది. మొహం ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి పెళ్ళికొడుకు తనే కల్పించి చూపించిన మొహాన్నే దించింది. "ఈ మొకం ఎవరిదే? మావోడిది కాదు" అని ఆవిడ చెప్పులేసుకుంది.

ఇప్పుడు ఇది పూటకోసారి కరుణమ్మ వెంట పడుతోంది. కరుణమ్మది దానియేలు వాళ్ళ ఊరే. పుచ్చకాయలు అతని దగ్గరే కొనేదట.

"ముక్కు కాస్త వంకరండీ, అమ్మగోరూ?"

"చిన్నప్పుడు కర్రబిళ్ళ తగిలిందిలే. అటుపక్కకి వంగుద్ది. ఎండలో కళ్ళు చికిలించుకుని నవ్వేవోడు. చొక్కా గుండీలు ఏనాడూ సరిగ్గా పెట్టుకోలా. ఒకటి పైకీ ఒకటి కిందకీ."

"ఇంకా?"

"ఇంకా ఏముంది? పుచ్చకాయ కొనకపోయినా ముక్క కోసి చేతిలో పెట్టేవోడు. నన్ను వదులే తల్లీ, డ్యూటీ ఉంది."

నాంచారి అక్కడే నిలబడి గోడ మీద వేలితో ముక్కు గీసుకుంటోంది. చూస్తుంటే దాని మీద నాకు కోపం కూడా సరిగ్గా రావడం లేదు.

పుష్య శుద్ధ దశమి

ఇవాళ ఒక చోద్యం. నాంచారి కరక్కాయ పాలలో తడిపి ఆరేసిన గుడ్డ పరుచుకుని, కలం చేతబట్టి పొద్దున్నుంచీ గీస్తూనే ఉంది. గుడ్డ మీద గీత లేదు.

"ఏందే, నీళ్ళతో ఆడుకుంటన్నావా?" అన్నాను.

"పటిక నీళ్ళు పిన్నీ."

పటిక నీళ్ళకి రంగుండదు. అది పట్టిన చోట చిరివేరు నీళ్ళలో ఉడకబెట్టినప్పుడే ఎరుపు లేస్తుంది. అందుకని మేమందరం గీత కనపడటానికి అందులో చిటికెడు బొగ్గుపొడి కలుపుకుంటాం. ఇది కలపలేదు.

"నీకే కనపడకుండా ఎట్టా గీస్తావే, మతి పోయిందా?"

"తడి ఆరేలోపు కాస్త కనపడుద్ది. ఆరాక ఆయనకి కనపడదు" అని కళ్ళతో పైకి చూపించింది.

సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు పట్టా మీద కిర్రుమంటూ వచ్చాడు. రోజూ సాయంత్రం అందరి గుడ్డలూ చూసి సలహాలు చెప్పి పోతాడు. ఇక్కడ ఇంకొంచెం దుఃఖం, అక్కడ చేతులు జోడించాలి, అని. నాంచారి గుడ్డ మీద ఆగి, "గుడ్డ ఖాళీగా ఉంది. దయచేసి మొదలుపెట్టండి" అని ముందుకు జరిగాడు. నాంచారి తల వంచుకుని నవ్వింది. ఈ గట్టు మీదికి వచ్చాక అది నవ్వడం ఇంతకుముందెన్నడూ నేను చూడలేదు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. పటిక ఒకసారి పట్టిందంటే పట్టినట్టే. తప్పు గీస్తే దిద్దుకోవడానికి లేదు, ఎక్కడ తప్పిందో ఉడికేదాకా తెలియదు కూడా. చివరిసారి పెళ్ళిచూపులకి ఇంత మొండితనమా అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. వినలేదు.

పుష్య పౌర్ణమి

సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసే జల్లెడ చిరిగింది. కొత్తది ఒడ్డు నుంచి రావడానికి మాఘం దాటుతుందట. అప్పటిదాకా మంచినీళ్ళు తాగడానికీ వంటకీ మాత్రమే. రంగుల గదికి చుక్క లేదు.

మిగిలినవాళ్ళ బొమ్మలకి నలుపు గీతలైనా కనబడతాయి. నాంచారి గుడ్డ ఉడకకపోతే అది వట్టి తెల్లగుడ్డ. సముద్రపు నీళ్ళలో చిరివేరు ఉడికిస్తే ఎరుపు ఎక్కదు, బురదరంగు వస్తుంది. ఒకసారి చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను.

సూపరింటెండెంటు శేషగిరి సారు దగ్గరికి పోయాను. మంచివాడే. కుర్చీ కూడా చూపించాడు.

"నీళ్ళు లేవు తిరపతమ్మా. నా స్నానం కూడా సముద్రంలోనే. ఆ అమ్మాయిని పలక మీద వేసుకోమను. కన్నుకి గుడ్డయినా పలకయినా ఒకటే."

"దానికి ఒకటే సారూ. వచ్చే తల్లికి ఒకటి కాదుగా."

"రూల్సు నేను రాయలేదమ్మా" అని ఫైలు ముందుకు లాక్కున్నాడు.

తిరిగొచ్చి నాంచారికి చెప్పాను. అది గుడ్డని మడతపెట్టకుండా రెండు చేతుల మీదా పట్టుకుని నిలబడింది. "ఎట్టా పిన్నీ? మొకం అంతా అయిపోయింది" అంది.

పుష్య బహుళ చవితి

పొద్దున తడిగుడ్డ ఒకటి కాలికి చుట్టుకుని పడబోయాను. రాత్రి దండెం మీద మర్చిపోయిన తెల్లగుడ్డ. ఎవరే దీన్ని తడిపింది అని కేకలేస్తూ పిండాను. ధారగా నీళ్ళు కారాయి. నాలుక మీద వేసుకుంటే ఉప్పు లేదు. ఈ నెలలో గాలి ఒడ్డు వైపు నుంచి వీస్తుంది, మంచు దట్టంగా పడుతుంది. నా మొహం, ఇన్నేళ్ళుగా గుడ్డల మధ్య బతుకుతూ ఈ సంగతే తట్టలేదు!

రంగుల గదిలో ఉన్న గుడ్డలన్నీ బయటికి తీశాను. రాత్రి ఆరేయడం, తెల్లారి ఎండెక్కకముందే పిండి గంగాళంలో పోయడం. నాంచారి ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని మెలిపెడుతుంటే మాతో ఉండే ఖైదీ బుల్లెమ్మ చూస్తూ నిలబడింది. బుల్లెమ్మకీ నాంచారికీ చాప దగ్గర జాగా కోసం మొదలైన తగువు ఇప్పటికీ తెగలేదు.

"దీని బొమ్మ కోసం మేమెందుకు చలిలో చావాల? లాకు ఎత్తినప్పుడు మమ్మల్ని అడిగిందా?" అంది బుల్లెమ్మ.

నాంచారి గుడ్డని ఇంకో మెలి తిప్పింది. బుల్లెమ్మ అన్నమాటలో అబద్ధం లేదు.

మాఘ శుద్ధ అష్టమి

గంగాళం సగం దాటింది. ఉడకబెట్టడానికి సరిపోతుంది. ఉడికాక పారే నీళ్ళలో గుడ్డని ఉతికితే గానీ కరక్కాయ పసుపు పోయి బొమ్మ తేటగా కనపడదు. ఆ ఉతుకుడుకి నీళ్ళు ఎక్కడివి?

ఇవాళ తెల్లారి చూస్తే దండెం చివర ఒక దుప్పటి అదనంగా ఉంది. గళ్ళ దుప్పటి, బుల్లెమ్మది. ఆవిడే వచ్చి పిండుతూ, "నా దుప్పటి రంగు దిగితే మీ ఇద్దరి అంతు చూస్తాను" అంది. రాత్రంతా ఏం కప్పుకుందో అడగలేదు. అడిగితే తిడుతుంది.

నేను మాత్రం మంకుపట్టు పట్టాను. ఉతుకుడు నీళ్ళు కూడా చేరాకే పొయ్యి వెలిగిస్తానన్నాను. మసక బొమ్మ పెట్టి ఉన్న ఒక్క అవకాశం పోగొట్టుకోకూడదని నా భయం.

మాఘ పౌర్ణమి

మంచు నాలుగు రోజులుగా పడలేదు. నా మంకుపట్టు వల్ల పొయ్యి వెలిగించకుండానే పౌర్ణమి వచ్చేసింది.

పొద్దున పెళ్ళికొడుకు హాల్లోకి వచ్చాడు. నాంచారి గుడ్డ ముందు ఆగాడు. "గుడ్డ ఖాళీ. పశ్చాత్తాపం ఆనవాళ్ళు లేవు. సున్నా" అన్నాడు. శేషగిరి సారు రాసుకున్నాడు. లోతుగట్టు పడవకి నాంచారి పేరు చేర్చమని కరుణమ్మకి చెప్పాడు. ఆవిడ కదలకుండా నిలబడింది.

పోటు ఎక్కాక వజ్రమ్మ దిగింది. ఎండకి కాగిన మనిషి, చేతిలో చిన్న సంచి. హాల్లోకి వచ్చి తెల్లగుడ్డ చూసింది.

"ఎగతాళా?" అంది. "ఈసారి అసలుకే లేడా మావోడు?"

నేను ముందుకెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఉన్నాడు వదినా. నీళ్ళు లేక లేవలా. పొయ్యి ఎలిగిస్తే అరగంటలో లేస్తాడు. ఆలస్యం నాది, దానిది కాదు. ఒక్క అరగంట కూకో, నీ కాళ్ళు పట్టుకుంటా."

"మార్కులు వేసేశారు తిరపతమ్మా, ఇక దేనికి?" అన్నాడు సారు.

వజ్రమ్మ సారు వైపు చూడలేదు. నాంచారి వైపు చూసింది. "ఉడకనీ" అంది.

పెరట్లో రాళ్ళ మీద గంగాళం ఎక్కించాం. చిరివేరు పొడి పోసి గుడ్డని దించాను. కర్రతో నాంచారి తిప్పుతోంది. నీళ్ళు మసిలేసరికి గుడ్డ మడతల్లో ఎర్రటి గీత ఒకటి కనబడి మునిగింది. వజ్రమ్మ కూర్చున్నదల్లా లేచి గంగాళం దగ్గరికి వచ్చింది. ఆవిరి మొహానికి కొడుతున్నా జరగలేదు.

రెండు కర్రలతో ఎత్తి ఇసక మీద పరిచాం. ఉతకలేదు కాబట్టి నేపథ్యమంతా మురికి పసుపు. ఒక మూల పటిక ఒలికినచోట ఎర్రటి మరక. గీతలు అక్కడక్కడా ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. మధ్యలో మాత్రం కుర్రాడున్నాడు. తాటాకు గుడిసె ముందు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముక్కు పక్కకి వంగింది. గుండీలు తప్పు పెట్టుకున్నాడు. కళ్ళు చికిలించి, ఒళ్ళో పుచ్చకాయ పెట్టుకుని, ఒక చేత్తో కత్తి పట్టుకుని, రెండో చేత్తో మన వైపు ఒక ముక్క చాపుతున్నాడు. కన్నీళ్ళు లేవు, కాలవ లేదు, దీపం లేదు. నాంచారి కూడా ఆ బొమ్మలో ఎక్కడా లేదు.

వజ్రమ్మ ఇసకలో చతికిలపడింది. చాలాసేపు చూసింది. వేలు చాపి కుర్రాడి ముక్కు మీద పెట్టి, వేడిగా ఉందని వెనక్కి తీసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. కరుణమ్మ టోపీ తీసేసింది.

ఉన్నట్టుండి వజ్రమ్మ మొహం ముడుచుకుంది.

"కత్తి కుడిచేతిలో పెట్టావేందే? మావోడిది ఎడంచేతివాటం!"

నాంచారి తెల్లబోయింది. "నాకు తెలవదమ్మా" అంది. కరుణమ్మ వైపు చూసింది. ఆవిడ తలడ్డంగా ఊపింది. ఇన్ని పుచ్చకాయలు కొన్నా గమనించలేదట.

"కోసేది ఎడంచేత్తోనే. ఎంత కొట్టినా మానలా. కానీ ఇచ్చేటప్పుడు మాత్రం కత్తి పక్కన పెట్టి కుడిచేత్తో ఇచ్చేవోడు. ఎడంచేత్తో ఎవురికీ ఏదీ ఇవ్వగూడదని నేను నేర్పాను. చిన్నప్పట్నించీ నేర్పాను. నువ్వేమో వాడి చేత ఎడంచేత్తో ఇప్పిస్తన్నావు! చూసినోళ్ళు నా పెంపకాన్ని ఏమనుకుంటారు?"

అరుస్తూ అరుస్తూ ఏడ్చింది. పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాంచారి ఆవిడకి ఎదురుగా ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుంది. తాకే ధైర్యం చెయ్యలేదు. తలెత్తి, "తప్పయిపోయిందమ్మా" అని మాత్రం అంది. ఆ మాట అది దేని గురించి అందో నన్నడగొద్దు. అక్కడున్న అందరికీ తెలుసు.

పడవ కొమ్ము ఊదారు. సారు గొంతు సవరించుకున్నాడు. "మీ మాట చెప్పాలమ్మా. రాసుకోవాలి."

వజ్రమ్మ ముక్కు తుడుచుకుని లేచింది. "వదలమాకండి" అంది.

నాంచారి కళ్ళు మూసుకుంది.

"ఆ లోతుకాడికీ పంపమాకండి. మావోడు బొమ్మలో సరిగ్గా వచ్చేదాకా దీన్ని ఈడనే ఉంచండి."

"అలాంటి మాట ఇంతవరకూ ఎవరూ..." అన్నాడు సారు.

"ఏదైనా సరేనన్నారుగా. ఇదే నా మాట. రాయి."

సారు ఆవిణ్ణి చూశాడు, ఇసక మీద ఆరుతున్న బొమ్మని చూశాడు. రాశాడు.

మాఘ అమావాస్య

అమావాస్య పడవలో వజ్రమ్మ వచ్చింది. ఆవిడ వెనక పడవవాడు రెండు పెద్ద క్యాన్లు మోసుకొచ్చాడు.

"ఉతకడానికి నీళ్ళు లేవన్నారుగా" అంది నాతో. "లాకు కాడ పట్టుకొచ్చా."

నాంచారి క్యాన్లని చూస్తూ గోడకి ఆనుకుంది. ఎంతకీ దగ్గరికి రాలేదు. వజ్రమ్మే ఒక గ్లాసు వంచి, కుడిచేత్తో చాపింది. "తాగు ముందు. తర్వాత పని" అంది. నాంచారి రెండు చేతులతో అందుకుని తాగింది. సగం మెడ మీదుగా కారిపోయింది.

పాత గుడ్డని ఉతికాం. పసుపు పోయి కుర్రాడు తేటగా వచ్చాడు, తప్పు చేత్తోనే. దాన్ని వజ్రమ్మ మడిచి సంచిలో పెట్టుకుంది. తప్పుంటే ఉండనీ, నా ఇంట్లో ఎవరు చూస్తారు అంది.

కొత్త గుడ్డ పరిచాం. వజ్రమ్మ చాప మీద దాని పక్కనే కూర్చుని, కుడిచేతికి వేళ్ళు పొడుగు, బొటనవేలి మీద కాలిన మచ్చ ఉండాలి అని చెప్పుకుపోతోంది. పెళ్ళికొడుకు కిర్రుమంటూ వచ్చి పైన ఆగి, ఇక్కడ దుఃఖం తక్కువగా ఉంది అన్నాడు.

"పక్కకి జరగవయ్యా, వెలుగు అడ్డమొస్తన్నావు" అంది వజ్రమ్మ.

ఇవాళ రంగుల గది లెక్క: కరక్కాయ లేదు. చిరివేరు ఒక్క కట్ట. మంచినీళ్ళు ఉతుకుడు పోను అర క్యాను. నాంచారి పటిక నీళ్ళలో చిటికెడు బొగ్గుపొడి కలుపుకుంది. ఈసారి గీత ఇద్దరికీ కనపడాలి కదా.